పసుపు కప్ప, తోక కప్ప, తెల్ల కప్ప: ఐటీ కారిడార్ కుంటల్లో రంగుల లెక్క

గట్టి తొలకరి వాన పడిన మర్నాడు గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ గేటెడ్ కమ్యూనిటీల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల ఫొటోలు తిరుగుతాయి. ఒకటి, నిమ్మపండు రంగులో మెరిసిపోయే కప్ప. కింద ప్రశ్న: ‘విషం ఉంటుందా? పిల్లల్ని దూరంగా ఉంచాలా?’ రెండోది, తామర తొట్టిలో నాలుగు కాళ్లూ తోకా ఉన్న చిన్న జీవి. కింద ప్రశ్న: ‘న్యూట్ అంటారే, ఇదేనా?’

మొదటి దానికి జవాబు: విషపు కప్ప కాదు, కొత్త జాతీ కాదు. రెండో దానికి జవాబు: న్యూట్ (పెద్దయ్యాకా తోక ఉండే ఉభయచరం) కాదు. ఎందుకు కాదో అంకెలతో చెప్పుకుంటే రెండు ప్రశ్నలూ ఒకే చోటికి వస్తాయి. కప్పలూ న్యూట్‌లూ చేరిన ఉభయచరాల వర్గంలో జాతిని పోల్చుకోవడానికి రంగును ఆఖరున చూడాలి. ఆ జీవి ఏ వయసులో ఉంది, ఆ పూట ఏ పనిలో ఉంది అన్నవే రంగు మనకు ముందుగా చెప్పే సంగతులు.

0: హైదరాబాద్‌లో సహజంగా ఉండే న్యూట్‌లు

తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ న్యూట్‌లు లేవు. మన దేశంలో వాటి ఉనికి తూర్పు హిమాలయాలకూ ఈశాన్య కొండలకూ పరిమితం. అక్కడున్నవి టైలోటోట్రైటన్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. డార్జిలింగ్ దగ్గర జోర్‌పోఖ్రీలో వీటి కోసమే ఒక అభయారణ్యం ఉంది. విస్తీర్ణం 0.04 చదరపు కిలోమీటర్లు, అంటే పదెకరాలు. గాలి దారిలో కొలిస్తే మనకూ దానికీ మధ్య 1,400 కిలోమీటర్లకు పైనే.

ఆ న్యూట్ కథలో హైదరాబాద్‌కూ పాత్ర ఉంది. డార్జిలింగ్, నేపాల్ ప్రాంతాల న్యూట్‌ను చాలాకాలం టైలోటోట్రైటన్ వెర్రుకోసస్ అనే పాత పేరుతోనే పిలిచారు. 2015లో ఆరుగురు శాస్త్రవేత్తలు దాన్ని వేరే జాతిగా గుర్తించి టైలోటోట్రైటన్ హిమాలయానస్ అని పేరు పెట్టారు. ఆ ఆరుగురిలో కార్తికేయన్ వాసుదేవన్ ఒకరు. ఆయన పనిచేసే, సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి లాకోన్స్ కేంద్రం మన అత్తాపూర్‌లోనే ఉంది. వేరే జాతి అని తేల్చడానికి వాళ్లు ఆధారపడింది డీఎన్ఏ పోలికల మీద, శరీర కొలతల మీద. రంగు ఒక్కటే చాలి ఉంటే ఆ పని ఎప్పుడో అయిపోయేది.

ఐటీ కారిడార్ కుంటలో నిజంగానే మెడకు రెండు పక్కలా కుచ్చుల్లాంటి మొప్పలతో, గులాబీ రంగులో, తోకతో ఏదైనా కనిపిస్తే అది ఎవరో అక్వేరియం నుంచి తెచ్చి వదిలేసిన ఆక్సోలోటల్ అయ్యే అవకాశం ఎక్కువ. దీని సొంత ఊరు మెక్సికో. 1864లో 34 ఆక్సోలోటల్‌లు ఓడలో పారిస్ చేరాయి. ఇప్పుడు ప్రపంచమంతా ప్రయోగశాలల్లోనూ అక్వేరియంలలోనూ కనిపించే తెల్ల ఆక్సోలోటల్‌ల వంశం ఆ గుంపుతోనే మొదలైంది. అడవి ఆక్సోలోటల్ ముదురు గోధుమ రంగులో ఉంటుంది. గులాబీ రంగు మనిషి ఏరికోరి పెంచుకున్నది. దాన్ని చెరువులో వదలకూడదు. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం జాబితాలో ఉన్న జీవి కాబట్టి, పెంచుకునేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి.

42 నుంచి 46: తోక ఉన్నా కప్పే

మరి తామర తొట్టిలో నాలుగు కాళ్లతో, తోకతో కనిపించినదేమిటి? కప్ప పిల్లే. కప్ప ఎదుగుదలను శాస్త్రవేత్తలు 46 దశలుగా లెక్కిస్తారు. 1960లో గోస్నర్ వేసిన పట్టిక ఇది. ముందు వెనక కాళ్లు వస్తాయి. 42వ దశలో ముందు కాళ్లు బయటికి వస్తాయి. 46వ దశకు తోక పూర్తిగా కరిగిపోతుంది. ఈ రెండు దశల మధ్య కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో నాలుగు కాళ్లూ తోకా ఒకేసారి ఉంటాయి. అప్పుడే నోరు కొత్త రూపానికి మారుతుంటుంది కాబట్టి పిల్ల తిండి తినలేదు. కరిగే తోకే దానికి ఆహారం.

న్యూట్ పిల్ల లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. దానికి ముందు కాళ్లు మొదట వస్తాయి. మెడ పక్కన కుచ్చు మొప్పలు బయటికే కనిపిస్తాయి. కప్ప పిల్లకు మొప్పలు చర్మం కింద దాగి ఉంటాయి. కాబట్టి రంగు చూడనక్కర్లేకుండానే రెండు చూపుల్లో తేల్చేయొచ్చు. వెనక కాళ్లే బలంగా ఉండి, మెడ నున్నగా ఉంటే కప్ప. తొట్టిలో పడ్డ బల్లిని చూసి న్యూట్ అనుకునేవాళ్లూ ఉన్నారు. బల్లికి పొలుసులు, గోళ్లు ఉంటాయి. న్యూట్‌కు రెండూ ఉండవు.

7: మన దగ్గర తరచూ ఎదురయ్యేవి

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. అందులో నాలుగింట మూడొంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. కప్పల సంసారమంతా దాదాపు ఆ నాలుగు నెలల్లోనే. దుర్గం చెరువు అంచులు, 274 ఎకరాల కొండాపూర్ బొటానికల్ గార్డెన్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని కుంటలు, విల్లాల లిల్లీ పాండ్‌లు, ఏళ్ల తరబడి ఆగిపోయిన కట్టడాల పునాది గుంతలు. నీళ్లు నిలిస్తే చాలు, వచ్చేస్తాయి. ప్రధానంగా ఎదురయ్యేవి ఏడు. వాటిలో మారేదేది, మారనిదేది అన్నది చూద్దాం.

1. టోడ్ (డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్). రంగు బూడిద, మట్టి, ఇటుక, పసుపు, ఏదైనా కావచ్చు. మారనివి: ఒంటి మీద నల్ల కొనలున్న బుడిపెలు, కళ్ల మీదుగా నల్లటి గట్లు, కంటి వెనక ఉబ్బిన విషగ్రంథి.

2. బోదురు కప్ప (హోప్లోబాట్రాకస్ టైగెరినస్). 16 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆకుపచ్చ, గోధుమ, వానల్లో మగది పసుపు. మారనివి: వీపు మీద నిలువునా సాగే చర్మపు మడతలు. ముక్కు నుంచి వెనక దాకా లేత గీత కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు.

3. నీటి మీద గెంతే కప్ప (యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్). 5, 6 సెంటీమీటర్లు. కళ్లూ ముక్కూ మాత్రమే పైకి పెట్టి తేలుతుంది. అలికిడైతే నీటి పైపైనే గెంతుకుంటూ పారిపోతుంది. బూడిద, ముదురు ఆకుపచ్చ, గోధుమ. మారనిది: వెనక వేళ్ల కొసల దాకా నిండుగా ఉండే పొర.

4. గట్టు కప్ప (మినర్వేరియా ప్రజాతి). 3 నుంచి 5 సెంటీమీటర్లు. గడ్డి గట్ల మీద ఉంటుంది. వీపు గీతలో అన్నిటికన్నా ఎక్కువ తేడాలు దీనిలోనే: సన్నని గీత, వెడల్పాటి పట్టీ, అసలేమీ లేకపోవడం.

5. చిట్టి కప్ప (మైక్రోహైలా ఆర్నేటా). రెండున్నర సెంటీమీటర్లు. గొంతు మాత్రం ఒళ్లు చూస్తే నమ్మలేనంత పెద్దది. లేత పసుపు నుంచి గులాబీ దాకా ఉంటుంది. మారనివి: చిన్న నోరు, వీపు మీద అంచులు వంకర తిరిగిన ముదురు మచ్చ.

6. తవ్వుడు కప్ప (స్ఫెరోథెకా ప్రజాతి). గుండ్రటి ఒళ్లు. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టి కిందే. మారనిది: వెనక పాదం లోపలి వైపున పార లాంటి గట్టి బుడిపె. దాంతో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ దిగిపోతుంది.

7. చెట్టు కప్ప (పాలీపెడేటస్ మాక్యులేటస్). బాత్రూం గోడ మీద కనిపించేది ఇదే. పగలు లేత గంధం రంగు, రాత్రి ముదురు గోధుమ. మారనివి: వేళ్ల కొసల గుండ్రటి పట్టులు, కాలు చాపినప్పుడు తొడ వెనక కనిపించే పసుపు చుక్కలు. నీటి పైన గోడకో కొమ్మకో తెల్లటి నురగ ముద్ద అంటుకుని ఉంటే అది దీని గుడ్ల గూడు.

ఏడింటిలో ఒక్కదానికైనా రంగు స్థిరంగా లేదు. ఏడింటికీ ఆకారంలోనో అలవాటులోనో పట్టుబడే గుర్తు ఉంది.

3: చర్మంలో రంగు పొరలు

కప్ప చర్మంలో రంగు కణాలు ప్రధానంగా మూడు రకాలు, ఒకదాని కింద ఒకటి. పై పొరలో పసుపు, ఎరుపు వర్ణకాలు. మధ్య పొరలో గ్వానిన్ అనే పదార్థపు పలుచని స్ఫటికాలు. వీటిలో రంగేమీ ఉండదు, వెలుతురును వెదజల్లి నీలంగా కనిపిస్తాయి. అడుగు పొరలో నల్లటి మెలనిన్. మధ్య పొర నీలం పై పొర పసుపులోంచి బయటికి వస్తే మనకు ఆకుపచ్చ కనిపిస్తుంది. చాలా ఆకుపచ్చ కప్పల్లో ఆకుపచ్చ వర్ణకమంటూ విడిగా ఉండదు.

ముదరడం, లేతబడడం అడుగు పొర పని. మెలనిన్ రవ్వలు కణం నడుమ ముద్దగా చేరితే కప్ప లేత రంగు, కణమంతా పరుచుకుంటే ముదురు. గుప్పిట్లో ఉన్న ముగ్గుపిండికీ వాకిట్లో చల్లిన ముగ్గుపిండికీ ఉన్న తేడా ఇది. సరుకు అంతే, కప్పే మేర మారింది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే హార్మోను ఈ పరుచుకోవడాన్ని నడిపిస్తుంది. చల్లగా, చీకటిగా, తడిగా ఉన్నచోట కప్ప ముదురుతుంది. ఎండలో, లేత నేల మీద లేతబడుతుంది. అందుకే ఉదయం నల్ల గ్రానైట్ మీద కూర్చున్న చెట్టు కప్ప, మధ్యాహ్నం తెల్ల గోడ మీద కూర్చున్న చెట్టు కప్ప రెండు జాతుల్లా కనిపిస్తాయి. ఒకటే కప్ప కూడా కావచ్చు.

170కి పైగా: కాలాన్ని బట్టి రంగు మార్చే మగ కప్పలు

ఇప్పుడు నిమ్మపండు రంగు సంగతి. జత కట్టే కొద్ది రోజులు మగది మాత్రమే రంగు మార్చి, తర్వాత మామూలుగా అయిపోవడం ప్రపంచవ్యాప్తంగా 170కి పైగా కప్ప జాతుల్లో ఉన్నట్టు 2017లో వచ్చిన ఒక సమీక్ష లెక్క తేల్చింది. అలాంటివి రెండు మన కుంటల్లోనే ఉన్నాయి: టోడ్, బోదురు కప్ప.

తొలి గట్టి వానకు టోడ్ మగవి పదుల సంఖ్యలో ఒకే కుంటకు చేరతాయి. మట్టి రంగు చూస్తుండగానే పసుపవుతుంది. ఇదే జాతి మీద శాస్త్రవేత్తలు చేసిన ఒక ప్రయోగం 2022లో ప్రచురితమైంది. వాన లేదు, గుంపు లేదు. మగవాటికి అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ హార్మోన్లు ఇచ్చారు. నిమిషాల్లో పసుపు రంగుకు మారాయి.  గుంపులో మగది మరో మగదాన్ని ఆడదనుకుని పట్టుకోవడం మామూలే. పసుపు రంగు ఆ పొరపాటును తగ్గిస్తుందన్నది శాస్త్రవేత్తల ఆలోచన.

బోదురు కప్పలో ఆర్భాటం ఇంకా ఎక్కువ. ఒళ్లంతా పసుపు, గొంతు రెండు పక్కలా ముదురు నీలి సంచులు. అరిచినప్పుడల్లా ఆ సంచులు బుడగల్లా ఉబ్బుతాయి. పక్కనే ఉన్న ఆడది పాత ఆకుపచ్చ, గోధుమ రంగులోనే ఉంటుంది. 2020 జులైలో మధ్యప్రదేశ్‌లోని నర్సింగ్‌పూర్‌లో గుంపుగా చేరిన పసుపు బోదురు కప్పల వీడియో దేశమంతా తిరిగింది. కరోనా మొదటి ఏడాది, మిడతల దండు వచ్చిన ఏడాది కూడా కావడంతో జనం దాన్నీ ఆ వరసలో చేర్చి భయపడ్డారు. అటవీ అధికారులు ఇది మామూలు వానాకాలపు వేషమేనని చెప్పాల్సి వచ్చింది. వాన రాకపోతే రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పే కప్పతల్లి ఆచారమున్న నేల మనది. కప్ప పసుపైందంటే మాత్రం వాన అప్పటికే కురిసిందని అర్థం.

ఈ బోదురు కప్ప కాళ్ల కోసమే ఒకప్పుడు దేశం నుంచి భారీగా ఎగుమతులు సాగాయి. 1985లో ఇది సైట్స్ రెండో అనుబంధంలోకి వెళ్లింది. 1987లో భారత ప్రభుత్వం కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించింది. పసుపుగా ఉంది కదా అని పట్టి సీసాలో పెట్టి చూపించడం సరదా కాదు, చట్టంతో పని.

4: నిజంగా అరుదైన రంగులు

కాలాన్ని బట్టి వచ్చిపోయే రంగు వేరు, పుట్టుకతో వచ్చే తేడా వేరు. రెండో కోవలో ప్రధానంగా నాలుగు రకాలు.

అల్బినో: మెలనిన్ అసలు లేదు. ఒళ్లు తెలుపు లేదా లేత పసుపు. తేల్చేది కన్ను: ఎర్రగానో గులాబీగానో ఉంటుంది.

ల్యూసిస్టిక్: ఒళ్లు తెల్లన, కన్ను మాత్రం మామూలు నలుపు. అక్వేరియం గులాబీ ఆక్సోలోటల్ ఈ రకమే.

పసుపు లోపించినవి: పై పొర పనిచేయకపోవడంతో ఆకుపచ్చగా ఉండాల్సిన కప్ప నీలంగా కనిపిస్తుంది.

మెలనిస్టిక్: మెలనిన్ మోతాదు మించి ఒళ్లంతా నలుపు.

వీటిలో దేన్ని చూశామని అనుకున్నా కంటి ఫొటో లేకపోతే తేలదు. ఇంకో పరీక్ష కాలం. మర్నాడూ, వారం తర్వాతా అదే రంగుంటే పుట్టుకతో వచ్చినది. మారితే అది ఆ పూట రంగు.

వీపు గీత ఈ రెంటికీ భిన్నం. అది పూటపూటకూ మారదు, అరుదూ కాదు. గట్టు కప్పలకు దగ్గరి చుట్టమైన ఒక జాతిలో దీన్ని ఒకే జన్యువు నడిపిస్తుందనీ, గీత ఉండడమే బలమైన లక్షణమనీ తేలింది. ఆ లెక్కన తల్లికీ తండ్రికీ గీత ఉన్నా, ఇద్దరూ గీత లేని జన్యువును ఒక్కొక్కటి దాచుకుని ఉంటే, నలుగురు పిల్లల్లో సగటున ఒకరికి గీత ఉండదు. మెండెల్ బఠానీల 3:1 లెక్కే ఇది. ఒకే కుంటలో, ఒకే తల్లి పిల్లల్లో రెండు రకాలూ ఉంటాయి.

20, 25, 10: లెక్కపెట్టే పద్ధతి

‘మా కుంటలో సగానికి పైగా గీత కప్పలే’ అని చెప్పాలంటే ఎన్ని చూడాలి? ఉదాహరణకు 20 కప్పల్లో 12కు గీత కనిపించిందనుకుందాం. 60 శాతం. కానీ 20 మీద లెక్క కాబట్టి 21 పాయింట్లు అటూఇటూ కావచ్చు. అంటే అసలు సంఖ్య 39 నుంచి 81 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. సగమో కాదో చెప్పలేం. అదే 100లో 60 అయితే ఊగిసలాట 10 పాయింట్లకు తగ్గుతుంది: 50 నుంచి 70. అప్పుడు మాటకు బలం.

అల్బినో లాంటి అరుదైన వాటికి ఇంకో చిట్కా ఉంది. 100 చూశారు, ఒక్కటీ కనిపించలేదు. అలాగని లేవనకూడదు. 3ను 100తో భాగించండి. ఉంటే 3 శాతం లోపే అని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 300 చూసి ఒక్కటీ లేకపోతే 1 శాతం లోపు.

అయితే ఒకే కప్పను పది సార్లు ఫొటో తీసి పది అనుకుంటే లెక్కంతా తలకిందులవుతుంది. బోదురు కప్ప వీపు మచ్చల అమరిక ఒకదానిది ఇంకోదానికి ఉండదు. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే పాతదో కొత్తదో తెలుస్తుంది. దీంతోనే కుంట మొత్తం జనాభానూ అంచనా వేయొచ్చు. మొదటి రాత్రి 20 వేర్వేరు కప్పలు, రెండో రాత్రి 25. వాటిలో 10 మొదటి రాత్రివే. 20ని 25తో గుణించి 10తో భాగిస్తే 50. కుంటలో సుమారు 50 కప్పలున్నట్టు. ఒక్కదాన్నీ తాకకుండా వచ్చిన జవాబు.

ఫొటోలోనే రంగు తప్పిపోతే ఇదంతా వృథా. సోడియం దీపం కింద ప్రతి కప్పా పసుపే. ఫ్రేములో ఒక మూల తెల్ల కాగితం ముక్క ఉంచితే, తర్వాత దాన్ని ఆనవాలుగా పెట్టుకుని రంగు సరిచేసుకోవచ్చు. వీపు, పక్క, కన్ను: మూడు ఫొటోలు. తేదీ, సమయం, వాన పడి ఎన్ని గంటలైందో రాసుకోవాలి. ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెడితే తెలిసినవాళ్లు పేరు సరిచూస్తారు.

నవంబరు 1 నుంచి మార్చి 31: న్యూట్ ఉన్న ఊళ్లలోని మనవాళ్లకు

హైటెక్ సిటీ నుంచి శాన్ హోసె, సియాటిల్, న్యూజెర్సీ వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్ల పెరట్లో మాత్రం న్యూట్ నిజంగానే కనిపించవచ్చు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ దగ్గరి టిల్డెన్ పార్కులో సౌత్ పార్క్ డ్రైవ్ అనే రోడ్డును ఏటా నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా వాహనాలకు మూసేస్తారు. వానలకు న్యూట్‌లు గుడ్లు పెట్టే కుంటలకు నడిచిపోతాయి కాబట్టి. సిలికాన్ వ్యాలీ అంచున లాస్ గాటోస్ దగ్గర, లెక్సింగ్టన్ జలాశయం పక్కన రోడ్డు మూయరు. ఒక్క సీజన్లోనే వేల న్యూట్‌లు చక్రాల కింద పడి చనిపోతున్నట్టు స్వచ్ఛంద కార్యకర్తలు లెక్కగట్టారు.

అక్కడ దొరికే రెండు జాతుల వీపూ గోధుమ రంగే, పొట్టా నారింజ రంగే. తేడా కంటి దగ్గర. కింది రెప్ప లేత రంగులో ఉంటే కాలిఫోర్నియా న్యూట్, ముదురుగా ఉంటే గరుకు చర్మపు న్యూట్. రెంటి చర్మంలోనూ పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ విషం ఉంటుంది. పొట్ట నారింజ రంగు హెచ్చరిక. చూడొచ్చు, నోట్లోకి మాత్రం పోకూడదు. తాకితే చేతులు కడుక్కోవాలి. న్యూజెర్సీ వైపు తూర్పు న్యూట్‌ది ఇంకో ఆట. పిల్లగా నీళ్లలో, తర్వాత సుమారు రెండు మూడేళ్లు నేల మీద ఎర్ర నారింజ రంగులో, పెద్దయ్యాక మళ్లీ నీళ్లలో ముదురు ఆకుపచ్చ రంగులో. ఒకే జీవి, రెండు వేషాలు. వయసు తెలియనివాళ్లు రెండు జాతులనే అనుకుంటారు.

కాబట్టి లాస్ గాటోస్‌లోనైనా గచ్చిబౌలిలోనైనా ప్రశ్నల వరస ఒకటే. కాళ్లూ తోకా ఎలా ఉన్నాయి? చర్మం నున్ననా, గరుకా? వేళ్ల కొసల్లో ఏముంది? కన్ను ఏ రంగు? వాన పడి ఎన్నాళ్లైంది? ఈ ఐదూ అయ్యాక ఒంటి రంగు రాసుకోండి. ఈసారి వాట్సాప్‌లో పసుపు కప్ప ఫొటో వస్తే ఒక్క మాట అడగండి: రేపు ఇదే చోట ఇంకో ఫొటో తీస్తారా? ఆ రెండో ఫొటోలో కప్ప మట్టి రంగుకు తిరిగి ఉంటే గ్రూపులో చర్చ అక్కడితో ముగుస్తుంది. వారం గడిచినా పసుపుగానే ఉంటే, అప్పుడు కంటి ఫొటోతో సహా లాకోన్స్‌కో యూనివర్సిటీ జీవశాస్త్ర విభాగానికో పంపండి.